తొంభై రోజుల కడియం

ఆరో రోజు

ఈ పుస్తకం మాకు గాలి పంపే పెద్ద పంకా గదిది. ముందు సగంలో, పదకొండేళ్ళుగా అక్కడ పనిచేస్తున్న నేను నిరుడు రాసిన రీడింగులున్నాయి: పంకా వేగం, గ్యాస్ శాతం, బేరింగు వేడి, చివర రిమార్కులు. వెనక సగం ఖాళీ. కాన్పు సెలవులో ఉన్నదానివి, నీకెందుకిది అని స్టోరులో ముసలాయన అడిగాడు. బిడ్డ గుడ్డలు చుట్టడానికన్నాను. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో!

యంత్రం తేడాగా నడుస్తుంటే ముందు రాసిపెట్టు, తర్వాతే రెంచీ పట్టుకో అని నాకు పని నేర్పినాయన చెప్పేవాడు. ఇప్పుడు తేడాగా నడుస్తున్నది నేను. విప్పి చూసే వీలు లేదు కనుక రాస్తున్నాను.

నా పేరు నర్మద. ఏడో బాయిలో, మూడో లెవెల్లో ఉంటాం. పైన ఎండ యాభై ఆరు డిగ్రీలు దాటిన ఏడాది మా పెద్దవాళ్ళంతా ఈ పాత బొగ్గుబాయిల్లోకి దిగారు. నేను పుట్టింది కిందే. నా భర్త ఓదెలు పైన పుట్టాడు, అదొక గొప్పగా చెప్పుకుంటాడు. బిడ్డ పుట్టిన నాలుగో రోజునే, రాత్రిపూట సోలార్ పలకలు తుడిచే జట్టుతో పైకి వెళ్ళాడు. వానలు పడితేగాని దిగి రాడు. గదిలో నేను, బిడ్డ, మా అత్తమ్మ కొమురమ్మ.

కాన్పయిన గంటకే విమల సిస్టరమ్మ నా ఎడమ చేతికి కడియం బిగించింది. తొంభై రోజులు తీయకూడదు. అది గుండె, చెమట, నిద్ర చూసి ఒక అంకె చూపిస్తుంది. అరవై లోపు పచ్చ, ఎనభై లోపు పసుపు, ఆపైన ఎరుపు. వారంలో మూడు ఎరుపులు పడితే బిడ్డను, పసివాళ్ళను విడిగా పెంచే పాలగదికి తీసుకుపోతారు. ఏడాది నిండేదాకా తిరిగి ఇవ్వరు.

ఈ రూలు ఊరికే రాలేదు. ఆరేళ్ళ కింద ఒక బాలింత మూడు వారాల పసికందును ఎత్తుకుని నిచ్చెనబాట ఎక్కి మిట్టమధ్యాహ్నం ఎండలోకి నడిచిపోయింది. ఇద్దరూ తిరిగి రాలేదు. ఆ రోజు పంకా గదిలో డ్యూటీ నాదే. పై తలుపు తెరుచుకున్న చప్పుడు విన్నాను. ఎవరో పనివాళ్ళనుకుని టీ తాగుతూ కూర్చున్నాను.

రిమార్కులు: అంకె 52, పచ్చ. పాదాలు ఉబ్బి చెప్పులు పట్టడం లేదు. చేతులూ అంతే, కడియం కోసుకుపోతోంది.

తొమ్మిదో రోజు

బిడ్డ పాలు తాగుతుంటే పొత్తికడుపులో మెలిపెట్టే నొప్పి. కాన్పు అయిపోయాక నొప్పులేమిటి అంటే అత్తమ్మ నవ్వింది. "కడుపు మళ్ళ తన జాగల తను కూసోవాలె గదా బిడ్డా. ఊకె కూసుంటదా?" నిద్రలో చెమటలు. లేచేసరికి పరుపు మీద నా ఆకారం తడిగా ముద్రపడి ఉంటోంది. ఎవరూ చెప్పలేదే ఇవన్నీ అని కోపం వచ్చింది. తొమ్మిది నెలలు నాకు పుట్టగొడుగుల పులుసూ సలహాలూ పోసిన ఆడవాళ్ళు ఈ లెవెల్లో నలభై మంది ఉన్నారు. ఒక్కరూ నోరు విప్పలేదు.

పొద్దున పక్క గది పోశవ్వ వచ్చి బిడ్డకు నీళ్ళు పోసింది. పసిబిడ్డకు రోజూ అర బకెట్ నీళ్ళు అదనంగా ఇస్తారు. పోశవ్వ పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, బిడ్డను కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి, నూనె రాసి, పిండి రుద్ది, చెంబుతో పోసింది. తర్వాత సాంబ్రాణి పొగ. బాయిలో నిప్పు అంటిస్తే గ్యాస్ అందరినీ కలిపి లేపేస్తుంది కనుక పొగ ఉండదు. పోశవ్వ ఖాళీ మట్టి మూకుడు పట్టుకుని బిడ్డ చుట్టూ మూడు సార్లు తిప్పుతుంది, పొగ ఉన్నట్టే "కండ్లు మూసుకో" అంటుంది. నేనూ మూసుకున్నాను.

నాన్నమ్మ ఇంట్లో ఉండగా పొరుగావిడ నీళ్ళు పోయడమేమిటని అడిగితే అత్తమ్మ మోకాళ్ళు పట్టుకుంది. "కాళ్ళు చాపలేను బిడ్డా, మోకాళ్ళు పోయినయ్." అదే మోకాళ్ళతో ఆవిడ రోజూ నూట నలభై మెట్లెక్కి రేషన్ తెస్తుంది. 

రిమార్కులు: అంకె 57.

పదిహేనో రోజు

రెండు వింతలు. ఒకటి, ఖాళీ కడుపులో ఎవరో తన్నుతున్నారు. బిడ్డ పక్కన నిద్రపోతోంది, లోపల మాత్రం పాత చోటే, కుడి పక్కటెముక కింద, తన్నులు. రెండు, ఏడుపు వినిపిస్తోంది. బిడ్డ పెదవి కదపకుండా పడుకున్నా నాకు సన్నగా, ఆగి ఆగి ఏడుపు. వెంటనే పాలు ఉబికి జాకెట్టు తడిసిపోతోంది. అత్తమ్మకు వినిపించడం లేదట.

పదకొండేళ్ళు చెవులతోనే బతికినదాన్ని. పంకా రెక్కకు ధూళి పట్టినా చప్పుడులో పసిగడతాను. ఆ చెవులే అబద్ధం చెబితే నేనిక దేన్ని నమ్మాలి?

రిమార్కులు: అంకె 61. మొదటి పసుపు.

ఇరవయ్యొకటో రోజు

తొట్టెల చేశారు, బిడ్డను ఊయల్లో వేశారు. పేరు తొలకరి. వాళ్ళ నాన్న వానలతోనే దిగుతాడని అత్తమ్మ పెట్టింది.

పైన ఉన్న రోజుల్లో ఇరవయ్యొకటో నాడు బాలింత నీళ్ళబావి దగ్గరికి వెళ్ళి మొక్కేదట. కింద మాకు బావి లేదు. మమ్మల్ని బతికించేది పెద్ద పంకా కనుక బిడ్డను దాని ముందుకు తీసుకెళ్ళి గాలి చూపిస్తాం. తల్లే ఎత్తుకోవాలి, ఇనుప జాలీకి బిడ్డ నుదురు తాకించాలి. జాలీ వెనక రెండు నిలువుల ఎత్తు రెక్కలు తిరుగుతుంటాయి. జాలీకి ఒక చిన్న తలుపు ఉంటుంది, రెక్కలు శుభ్రం చేయడానికి. దాని తాళంచెవి పదకొండేళ్ళుగా నా మొలతాడుకే ఉంది.

వంగి నుదురు తాకించాను. అప్పుడు వచ్చింది. నా తలలోకి, నా గొంతుతోనే: తలుపు తీయడం ఎంతసేపు?

అంతే. ఒక్క ముక్క. నాకు బిడ్డ మీద కోపం లేదు, విసుగు లేదు. తొలకరి కోసం అదే పంకాలో దూకమంటే దూకుతాను. అయినా ఆ మాట వచ్చింది, దానితో పాటు కళ్ళ ముందు ఆ బొమ్మ కూడా.  చుట్టూ ఆడవాళ్ళు పాట పాడుతున్నారు. నేను నవ్వుతూనే ఉన్నాను. బిడ్డను అత్తమ్మ చేతుల్లో పెట్టేసి, పాలు పొంగుతున్నాయని చెప్పి గదికి వచ్చేశాను.

ఎండలోకి నడిచిపోయిన ఆవిడకు కూడా మొదట ఇలాగే వచ్చిందా? ఒక్క ముక్కగా?

రిమార్కులు: అంకె 72. నాకు భయంగా ఉంది.

ముప్పై నాలుగో రోజు

తాళంచెవి పంకా గదిలో ఇచ్చేశాను. బరువుగా ఉందని చెప్పాను. చాకు, కత్తెర అత్తమ్మ పెట్టెలో పెట్టించాను. మెట్ల దగ్గర బిడ్డను ఎత్తుకోను. గోడ పక్కనే కూర్చుని పాలిస్తాను, లేవాలంటే ముందు బిడ్డను కింద పడుకోబెట్టి లేస్తాను. ఆ మాట రోజుకు పది సార్లు వస్తోంది. ఒక్కోసారి మెట్లు, ఒక్కోసారి దిండు, ఒక్కోసారి ఊరికే నా చేతులు.

తొలకరి నన్ను చూసి మొదటిసారి నవ్వింది. నవ్వుతున్నంతసేపూ నేను ఏడ్చాను.

అత్తమ్మ మాత్రం ఎప్పటిలాగే. నాలుగో లెవెల్ కప్పు కూలినప్పుడు చీకట్లో పాట పాడుతూ పదహారు మందిని నడిపించుకొచ్చిన మనిషి ఆవిడ. భయం ఆవిడ ఇంటి గడప తొక్కలేదు. "ఏమైంది బిడ్డా, మొఖం గట్ల పెట్టినవ్?" అంటే ఏం చెప్పను? మీ మనవరాలిని చంపే బొమ్మలు నాకు కనిపిస్తున్నాయని చెప్పనా? మింగలేను, కక్కలేను.

రిమార్కులు: అంకె 76.

నలభై ఏడో రోజు

మంచి వార్త ఒకటి. ఏడుపు నిజమేనట! పంకా మూడో బేరింగు నూనె ఆరిపోయి సన్నగా కీచుమంటోందని ఇవాళ కనిపెట్టారు. ముప్పై రెండు రోజులు దానికి పాలు చేపాను నేను. ఈ ముక్క చెబితే పోశవ్వ పడీ పడీ నవ్వింది. "ఫ్యానుకు గూడ తల్లివైతివా నర్మదా!" చాలా రోజులకు నేనూ నవ్వాను. చెవులు నావే, ఇంకా పనిచేస్తున్నాయి. తలలోని మాట మాత్రం ఏ బేరింగుదీ కాదు.

వాపులు పూర్తిగా దిగాయి. పాత చెప్పులు మాత్రం ఇంకా పట్టడం లేదు. పాదం ఒక సైజు పెరిగింది, ఇక తగ్గదని సిస్టరమ్మ చెప్పింది. కడియం మణికట్టు మీద గలగలలాడుతోంది.

రిమార్కులు: అంకె 75.

అరవై ఒకటో రోజు

దువ్వెన నిండా జుట్టు. గుప్పెడు కాదు, గుప్పెళ్ళు. తొలకరి పిడికిట్లో నా వెంట్రుకలు చుట్టుకుని ఉంటున్నాయి. అద్దంలో నుదురు వెడల్పయింది. "పోతది, మళ్ళ వస్తది" అంది అత్తమ్మ, రాలిన జుట్టంతా ఏరి ఉండ చుట్టి గోడ సందులో దాచింది. ఎందుకని అడిగితే, పారేస్తే పంకాలోకి పోతుందంది. ఆ ఒక్క మాటకే నా వీపు మీద చెమట పట్టింది.

రిమార్కులు: అంకె 79. ఎరుపుకు ఒక్క మెట్టు కింద.

అరవై ఎనిమిదో రోజు

మొన్న 83. ఇవాళ 85. వారంలో రెండు ఎరుపులు. సిస్టరమ్మ రెండో షిఫ్ట్ సైరన్‌కు వచ్చి మిషన్‌లో చూసుకుని నా పక్కన కూర్చుంది.

"నిద్ర పడుతలేదా నర్మదా? ఏమన్న ఆలోచనలు వస్తున్నయా? చెప్పు, నాతోని దాచకు."

"ఏం లేదు సిస్టరమ్మా. ఉక్కపోత."

"ఇంకోటి పడితే నా చేతుల ఉండదు. నీకెర్కే గదా."

తెలియకేం. అవతలి వరుసలో ఒకామె కొడుకును పాలగది నుంచి ఏడాదికి తెచ్చుకుంది. వాడు అక్కడ పాలు పట్టే మనిషిని అమ్మా అంటాడు, ఈమెను చూస్తే గోడకు అంటుకుపోతాడు. ఈమె పాలు రెండో నెలకే ఇంకిపోయాయి. ఇప్పుడు వాడికి మూడేళ్ళు, ఇంకా ఆమె పక్కన పడుకోడు.

తొలకరి ఇప్పుడు నా వాసన పట్టి తల తిప్పుతుంది. నన్ను మరిచిపోవడానికి దానికి ఎన్నాళ్ళు పడుతుంది? పది రోజులా?

అరవై తొమ్మిదో రోజు

రాయకూడనిది చేశాను, అయినా రాస్తున్నాను. కడియానికి తాళం ఉంది కానీ చేయి సన్నబడింది. మణికట్టుకు బిడ్డ నూనె రాసి, బొటనవేలు లోపలికి మడిచి లాగితే జారి వచ్చేసింది. కాన్పయిన గంటకు, ఉబ్బిన చేతికి కొలత తీసి బిగించారు మరి. ఈ బాయిలో ఎంతమంది బాలింతల కడియాలు ఇలా వదులయ్యాయో!

ఊరికే పక్కన పెడితే అది చల్లబడి మోగుతుంది. మనిషి చేయి కావాలి. నాకు తెలిసిన అందరిలో భయం లేని చేయి ఒక్కటే.

"అత్తమ్మా, ఒక్క వారం ఇది నువ్వు తొడుక్కో. మూడో రెడ్డు పడితే పిల్లను తీస్కపోతరు. నువ్వు పెట్టుకుంటే పచ్చగ ఉంటది."

పుట్టగొడుగులు తుంచుతున్న ఆవిడ చేతులు ఆగిపోయాయి. 

"నాది పచ్చగనే ఉంటదని నీకెట్ల ఎర్క?"

"నీకు భయమేంది అత్తమ్మా! నీకు భయమని చెప్తే బాయంత నవ్వుతది."

ఆవిడ పుట్టగొడుగులు పక్కకు జరిపింది. తర్వాత చేయి చాపింది. తొడిగాక ఇద్దరం అంకె వంక చూశాం. 44. పచ్చ. నేను ఆవిడ చేయి పట్టుకుని ఏడ్చేశాను. ఆవిడ కడియం మీదికి చీర కొంగు లాక్కుంది.

నా మణికట్టు బోసిగా, తెల్లగా ఉంది. దాన్ని గాజులతో కప్పాను.

డెబ్బయ్యో రోజు

గోరుచుట్టు మీద రోకటి పోటు. పోశవ్వకు జ్వరం. "ఇయ్యాల నువ్వే పొయ్యి అత్తమ్మా" అన్నాను. బాలింత తానే నీళ్ళు పోయకూడదని ఇక్కడి ఆనవాయితీ, పైగా నీళ్ళూ, జారే బిడ్డా, నా చేతులూ ఒక్కచోట ఉండటం నాకే ఇష్టం లేదు.

"మోకాళ్ళు..." అంది.

"మెట్లెక్కుతవ్ గదా అత్తమ్మా! ఒక్కనాడు చాపలేవా?" గట్టిగానే అన్నాను. రెండు నెలల ఉక్రోషం అంతా ఆ మాటలో పోసినట్టున్నాను.

ఆవిడ లేచింది. పీట వేసుకుంది. కాళ్ళు చక్కగా చాపింది. మోకాళ్ళకు ఏమీ కాలేదు. బిడ్డను అందుకుని కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టింది, చెంబు ముంచింది. అలాగే ఉండిపోయింది. కొంగు జారి కడియం బయటపడింది. 58. 71. 84. నేను చూస్తుండగానే 96. నేనెన్నడూ ముట్టని అంకె. ఆవిడ ముఖం మాత్రం ఎప్పటిలాగే ఉంది, పెదవుల మీద నవ్వు కూడా అలాగే ఉంది. చెంబు మాత్రం బకెట్ అంచుకు టకటక కొట్టుకుంటోంది.

"తీస్కో. మోకాళ్ళు నొస్తున్నయ్" అని బిడ్డను నా చేతుల్లో పెట్టేసింది.

తొలకరికి తడిగుడ్డతో ఒళ్ళు తుడిచాను. కడియం చెడిపోయిందా? చెడిపోయిందని ఎవరితో చెప్పను? దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని. ఎరుపు పడింది. వారంలో మూడోది. నాది కాని అంకెతో నా బిడ్డ పోతుంది.

పొద్దున సైరన్‌కు సిస్టరమ్మ మిషన్ చూస్తుంది.

డెబ్బై ఒకటో రోజు

జరిగింది జరిగినట్టు రాస్తాను. 

సైరన్ మోగిన కాసేపటికే సిస్టరమ్మ వచ్చింది. వెనక పాలగది మనిషి, చేతిలో మెత్త వేసిన బుట్ట. తొలకరి నా ఒళ్ళో పాలు తాగుతోంది.

"మూడైనయ్ నర్మదా. నిన్న తొంభై ఆరు. ఇన్నేండ్లల్ల నేను గంత నంబరు చూడలే. పిల్లను తాగనియ్యి, నేను ఆగుత. చెయ్యి ఇటు చూపియ్యి."

నేను చేయి ఇవ్వలేదు. బిడ్డను ఇంకా దగ్గరికి లాక్కున్నాను. గాజులు పైకి జరిగాయి, బోసి మణికట్టు కనిపించింది. సిస్టరమ్మ ముఖం మారిపోయింది.

"కడెం ఏది?"

అబద్ధాలు ఆరు రకాలవి తలలో తిరిగాయి. నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ ముందుకు వచ్చి కొంగు తీసి చేయి చూపించింది.

"గా నంబరు నాది సిస్టరమ్మా. నా కోడలిది గాదు. నేనే పెట్టుకున్న."

"నీదా? తొంభై ఆరు? నీకు?" సిస్టరమ్మ నమ్మలేదు. "నువ్వు నాలుగో లెవెల్ కొమురమ్మవు గదా!"

అత్తమ్మ నేల మీద కూర్చుంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఆవిడే నాకు ఎన్నోసార్లు చెప్పింది. ఇవాళ ఆవిడే మొదలుపెట్టింది.

"ఓదెలు పుట్టిన రెండు నెల్లకు. అప్పుడింక పైననే ఉన్నం. గోలెం నిండ నీళ్ళు. మా అత్త పొలం పోయింది, పిల్లగానికి నువ్వే నీళ్ళు పొయ్యిమన్నది. గోలెం పక్కకు పీట ఏసుకుని కాళ్ళ మీద పండవెట్టుకున్న. గప్పుడు నా నెత్తిల ఒక మాట వచ్చింది. గోలెంల ముంచి పట్టుకుంటే ఎంతసేపు అని. నేననుకోలే సిస్టరమ్మా. అదే వచ్చింది. నా చేతులు నా చేతుల లెక్క లేవు. పిల్లగాణ్ణి గట్లనే మట్టిల పండవెట్టి ఉరికిన. చేన్ల దాక ఉరికిన. మళ్ళ వచ్చేసరికి వాడు మట్టి పూసుకుని నవ్వుతున్నడు."

"ఎవరికన్న చెప్పినవా?"

"ఎవరికి చెప్తరు? మా అత్త నన్ను పనిదొంగ అన్నది. అననీ అనుకున్న. ఇగ ఏ పసిపిల్లకు నీళ్ళు పొయ్యలే. ముప్పై రెండేండ్లాయె. పోయిందనుకున్న. ఇది పుట్టినంక మళ్ళ వచ్చింది. రోజు వస్తది. ఊపుతుంటె వస్తది, పాట పాడుతుంటె వస్తది."

 డెబ్బై రోజులుగా ఒకే గదిలో, రెండు చేతుల దూరంలో, ఆవిడ ఒక గోడ పక్కన, నేను ఒక గోడ పక్కన, ఇద్దరం అదే పనిగా నవ్వుతూ బతికాం. ఆవిడ మోకాళ్ళ మీద నేను మోసిన కోపమంతా గుర్తొచ్చి సిగ్గేసింది.

సిస్టరమ్మ పాలగది మనిషిని బయట కూర్చోమంది. కడియానికి తాళం తీసి, తిప్పి చూసి, నా మణికట్టు చుట్టూ పెట్టి చూసింది. మూడు వేళ్ళు దూరేంత సందు.

"ఇది నేను కట్టిన చెయ్యి గాదు" అంది తనలో తాను. "ఎందరికి కట్టిన్నో. ఎందరివి జారినయో. నేను చూసిన పచ్చ నంబర్లు ఎవరెవరివో..."

సంచిలోంచి చిన్న కడియం తీసి నా చేతికి బిగించింది. 88. ఎరుపు. 

"ఇప్పుడన్న చెప్పు నర్మదా. మీ అత్త చెప్పింది. నీకేమొస్తది?"

చెప్పాను. తొలకరి ఒళ్ళో ఉండగానే చెప్పాను. జాలీ తలుపు, తాళంచెవి, మెట్లు, దిండు. ఎండలోకి నడిచిన ఆవిడ గురించీ, నేను విని లేవని ఆ చప్పుడు గురించీ చెప్పాను. చెబుతుంటే అంకె 93 అయింది. ఇక అయిపోయిందనుకున్నాను, అయినా ఆపలేదు. చెప్పడానికి ఏమీ మిగలని చోట ఆగాను. అత్తమ్మ ఏడుస్తోంది. సిస్టరమ్మ అంకె వైపే చూస్తూ కూర్చుంది, ఎంతసేపో తెలియదు. తొలకరి తాగడం మానేసి నిద్రపోయింది.

79.

"పసుపు" అంది సిస్టరమ్మ. "ఆ బాలింత గూడ నా చేతుల మీదనే కన్నది. ఆమెకు భయం లేకుండె నర్మదా. మస్తు శాంతంగ ఉండె. ఎండల దేవుడు పిలుస్తున్నడని నాకు నవ్వుకుంట చెప్పింది. నేను ఆమె నాడి చూసి, మంచిగుంది పొమ్మన్న. నీకు ఆ మాట వస్తే చెమటలు పడుతున్నయ్, తాళంచెవి ఇచ్చేసినవ్. రెండు ఒక్కటి గావు. నంబరుకు ఆ తేడా ఎర్కలేదు. నాకు ఎర్కుండాలె."

మిషన్‌లో ఏదో కొట్టింది. కడియం వదులైంది, ఈ వారం అంకెలు చెల్లవు అని. మళ్ళీ మొదటి నుంచి లెక్కట. రోజూ వస్తుందట, నేను రోజూ చెప్పాలట, దాచానని తెలిస్తే అంకె చూడకుండానే బుట్ట తెస్తుందట. బెదిరింపే అది, అయినా ఆమె గొంతు మెత్తగా ఉంది. నిద్రకు ఒక మందు ఇచ్చింది.

లేవబోతూ అత్తమ్మ వంక తిరిగింది. "రూలు ప్రకారం రెడ్డు పడ్డ తల్లి దగ్గర్నుంచి బిడ్డను తియ్యాలె. నీ బిడ్డ యాడున్నడు కొమురమ్మా?"

"పైన పలకలు తుడుస్తుండు" అంది అత్తమ్మ కళ్ళు ఒత్తుకుంటూ.

సిస్టరమ్మ నవ్వింది. బయట ఖాళీ బుట్ట పట్టుకుని కూర్చున్న మనిషి కూడా నవ్వడం వినిపించింది.

డెబ్బై నాలుగో రోజు

మాట పోలేదు. ఇవాళ కూడా వచ్చింది, నాలుగు సార్లు. సిస్టరమ్మ ఇది పోవడానికి నెలలు పట్టవచ్చంది, పూర్తిగా పోకపోవచ్చని కూడా దాచకుండా చెప్పింది. అంకె 77, 81, 76. ఒక ఎరుపు పడింది. ఇంకా పదహారు రోజులున్నాయి. బుట్ట చప్పుడు విన్నట్టు ఉలిక్కిపడి లేస్తున్నాను. జుట్టు రాలుతూనే ఉంది.

పోశవ్వకు జ్వరం తగ్గింది కానీ నీరసం. పొద్దున నేనే అర బకెట్ నీళ్ళు తెచ్చి గది మధ్యలో పెట్టాను. అత్తమ్మ నన్ను చూసింది. నేను పీట వేశాను.

ఆవిడ కూర్చుంది. నేను ఆవిడ పక్కనే, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చున్నాను. ఆవిడ కాళ్ళు చాపింది. తొలకరిని ఇద్దరం కలిసే దించాం. ఆవిడ రెండు చేతులూ బిడ్డ నడుము దగ్గర, నా ఎడమ చేయి గడ్డం కింద. కుడిచేత్తో చెంబు ముంచాను. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. ఆవిడ చేతులు వణుకుతున్నాయి, నావీ వణుకుతున్నాయి. ఈ వణుకుడంతా ఊయల అనుకుందో ఏమో, తొలకరి కాళ్ళు ఆడిస్తోంది.

"వచ్చిందా?" అంది అత్తమ్మ.

"వచ్చింది" అన్నాను.

"నాకూ వచ్చింది. పొయ్యి బిడ్డా."

పోశాను.